నైట్‌క్లబ్ జాజ్ రికార్డింగులు, వాటి రీఇష్యూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే ఒక్క రోజు చుట్టూ తిరుగుతాయి: 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్‌లోని విలేజ్ వ్యాన్‌గార్డ్ క్లబ్బులో ఆ రోజు పియానో మీద బిల్ ఎవాన్స్, డబుల్ బాస్ మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ మీద పాల్ మోషియన్ కలిసి వాయించినదాన్ని రివర్‌సైడ్ అనే రికార్డు కంపెనీ టేపుకెక్కించింది. అప్పటినుంచి ఆ టేపు రకరకాల రూపాల్లో అంగట్లోకి వస్తూనే ఉంది. రీఇష్యూల్లో, అంటే పాత రికార్డింగుల్ని మళ్ళీ విడుదల చేయడంలో, జరిగే మంచీ చెడూ దాదాపు అంతా ఈ ఒక్క రికార్డింగులోనే దొరుకుతుంది కాబట్టి దీన్నే పట్టుకున్నాం. అవసరమైన చోట మిగతావి.

‘లైవ్’ అంటే ఆ రాత్రి జరిగింది జరిగినట్టు వింటున్నట్టేనా?

సాధారణంగా కాదు. ఎల్‌పీలో (పెద్ద వినైల్ డిస్కులో) ఒక్కో వైపు హాయిగా పట్టేది 20 నుంచి 22 నిమిషాలు. అంతకు మించి ఇరికిస్తే గాడులు దగ్గరపడతాయి, శబ్దం తగ్గించి చెక్కాల్సి వస్తుంది, అప్పుడు ముల్లు చేసే బుసబుస పైకి తేలుతుంది. కాబట్టి గంటల కచేరీ లోంచి నలభై నిమిషాలు ఏరాలి. ఏరడమంటే వరుస మారడమే.

జూన్ 25 సంగతే చూడండి. మధ్యాహ్నం రెండు సెట్లు (ఒక్కో విరామం దాకా వాయించే విడతలు), సాయంత్రం మూడు సెట్లు, మొత్తం ఐదు. వాటిలోంచి వచ్చిన మొదటి ఎల్‌పీ ‘సండే ఎట్ ద విలేజ్ వ్యాన్‌గార్డ్’లో ఉన్నవి ఆరే ఆరు పాటలు. మూడు సాయంత్రం మొదటి సెట్‌లోవి, మిగతా మూడింటిలో ఒకటి మధ్యాహ్నం రెండో సెట్‌ది, ఒకటి సాయంత్రం రెండో సెట్‌ది, ఒకటి మూడో సెట్‌ది. వింటుంటే మాత్రం ఒక్క ఊపులో సాగిన కచేరీలాగే ఉంటుంది. ఆ నేర్పు నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్‌ది, ఎవాన్స్‌ది.

ఈ ఏరికకు ఇంకో కారణం కూడా ఉంది. రికార్డింగ్ జరిగిన పదకొండో రోజున, జులై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. వయసు 25. అందుకే మొదటి ఎల్‌పీకి బాస్ బాగా వినబడే పాటలు ఎంచారు. మొదటి పాట ‘గ్లోరియాస్ స్టెప్’, చివరి పాట ‘జేడ్ విజన్స్’ రెండూ లఫారో కట్టినవే. మిగిలిన వాటిలోంచి రెండో ఎల్‌పీ ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ 1962లో వచ్చింది.

ఆదివారమే ఎందుకు? ఆ క్లబ్బే ఎందుకు?

ఆదివారం మధ్యాహ్నం ఆట కూడా ఉంటుంది. యంత్రాలు ఒక్కసారి దించి, ఒక్కసారి తీగలు పరిచి, ఐదు సెట్లు పట్టుకోవచ్చు. మధ్యాహ్నం మైకులు కుదరకపోతే సాయంత్రానికి సర్దుకోవచ్చు. శాక్సఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ అదే క్లబ్బులో బ్లూ నోట్ కంపెనీ కోసం వాయించిన 1957 నవంబర్ 3 కూడా ఆదివారమే. ఆ రోజు మధ్యాహ్నానికి ఒక బాస్, డ్రమ్స్ జోడీ, సాయంత్రానికి వేరే జోడీ.

ఇక క్లబ్బు. మాక్స్ గోర్డన్ 1935లో పెట్టాడు. సెవెన్త్ అవెన్యూ సౌత్ మీద 178వ నంబరు. మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్ళాలి. పట్టేది 123 మంది. గది చతురస్రం కాదు, వేదిక వైపుకు ఇరుకవుతూ పోయే ఆకారం. ఎదురెదురు గోడలు సమాంతరంగా ఉంటే చప్పట్లు కొట్టినప్పుడు టపటపమని ప్రతిధ్వని తిరుగుతుంది. ఇక్కడ ఆ బెడద తక్కువ. పైకప్పు కూడా తక్కువ ఎత్తు. మైకుకూ వాద్యానికీ మధ్య దూరం తక్కువైనా గది గాలి టేపులో తెలుస్తుంది.

ఆ రోజు అసలు వరుస ఏమిటి?

సంపూర్ణ ఎడిషన్లు పాటించే వరుస ఇది.

మధ్యాహ్నం మొదటి సెట్: గ్లోరియాస్ స్టెప్ (మధ్యలో తెగినది), ఆలిస్ ఇన్ వండర్‌లాండ్, మై ఫూలిష్ హార్ట్, ఆల్ ఆఫ్ యూ. రెండో సెట్: మై రొమాన్స్, సమ్ అదర్ టైమ్, సోలార్.

సాయంత్రం మొదటి సెట్: గ్లోరియాస్ స్టెప్, మై మ్యాన్స్ గాన్ నౌ, ఆల్ ఆఫ్ యూ, డీటూర్ అహెడ్. రెండో సెట్: వాల్ట్జ్ ఫర్ డెబీ, ఆలిస్ ఇన్ వండర్‌లాండ్, పోర్గీ, మై రొమాన్స్, మైల్‌స్టోన్స్. మూడో సెట్: డీటూర్ అహెడ్, గ్లోరియాస్ స్టెప్, వాల్ట్జ్ ఫర్ డెబీ, ఆల్ ఆఫ్ యూ, జేడ్ విజన్స్ వెంటవెంటనే రెండుసార్లు.

‘ఆల్ ఆఫ్ యూ’ మూడు సెట్లలో ఉంది. మూడూ పక్కపక్కన పెట్టి వినండి. పాట అదే, బాస్ మాత్రం ప్రతిసారీ వేరే దారిన పోతుంది. మన కచేరీల్లో ఒకే కీర్తనకు రెండు రోజుల్లో రెండు రకాల నెరవు వినే అలవాటున్నవారికి ఇది వింతగా ఉండదు.

మొదటి పాట మధ్యలో శబ్దం పోయి వస్తోంది. డిస్కు పాడైందా?

లేదు, మార్చుకోవడానికి దుకాణానికి పరుగెత్తకండి. మధ్యాహ్నం మొదటి పాట సాగుతుండగా కరెంటు పోయింది. టేపు మెషిన్ ఆగింది, వాద్యాలు ఆగలేదు. అందుకే ‘గ్లోరియాస్ స్టెప్’ మొదటి టేక్ (ఒక పాటను వాయించిన ఒక్కో సారి ఒక టేక్) దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2005లో వచ్చిన మూడు సీడీల సంపూర్ణ సెట్‌లో దాన్ని గాయంతో సహా ఉంచారు. అది సరైన పని అని మా అభిప్రాయం. ఆ గండి పూడ్చడానికి ఇంకో టేక్ ముక్క అతికించి ఉంటే, అది ఎవరూ ఏనాడూ వాయించని పాట అయ్యేది.

ఏ ఎడిషన్ కొనాలి?

మొదటిసారి వింటుంటే విడి ఎల్‌పీల వరుసలోనే వినండి. ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’తో మొదలుపెట్టినా తప్పులేదు. రెండూ నోటికొచ్చాక సంపూర్ణ సెట్‌కి వెళ్ళండి. ముందే సంపూర్ణ సెట్ పట్టుకుంటే మూడో ‘గ్లోరియాస్ స్టెప్’ దగ్గర విసుగు పుట్టి పక్కన పెట్టేస్తారు.

మొదటి ప్రెస్సింగులు (మొదట అచ్చయిన డిస్కులు) కావాలంటే నంబర్లు ఇవి: ‘సండే’ మోనో ఆర్‌ఎల్‌పీ 376, స్టీరియో 9376. ‘వాల్ట్జ్’ మోనో ఆర్‌ఎల్‌పీ 399, స్టీరియో 9399. బాగున్న కాపీలు అన్యాయమైన ధర పలుకుతాయి. గీతలు పడ్డ మొదటి ప్రెస్సింగు కొనడం కంటే శుభ్రమైన రీఇష్యూ నయం. మెత్తగా మొదలయ్యే ‘మై ఫూలిష్ హార్ట్’లో ఒక్క గీత చాలు, పాటంతా పోతుంది.

రివర్‌సైడ్ 1964లో దివాలా తీసింది. 1972లో ఆ భండారం ఫాంటసీ అనే కంపెనీ చేతికి, 2004లో ఫాంటసీతో పాటు కాంకర్డ్ కంపెనీ చేతికి వెళ్ళింది. ఫాంటసీ 1980ల్లో మొదలుపెట్టిన ‘ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్’ వరుసలో ‘సండే’ నంబరు ఓజేసీ 140, ‘వాల్ట్జ్’ 210. ఇవి సాదా అట్టలతో, తక్కువ ధరకు వచ్చినవి, అయినా వినడానికి నిక్షేపంగా ఉంటాయి. సెకండ్‌హ్యాండ్‌లో మొదట వీటిని వెతకండి. నిమిషానికి 45 చుట్ల వేగంతో తిరిగే రెండు డిస్కుల ఎడిషన్లూ ఉన్నాయి. గాడి వేగంగా కదలడం వల్ల పైస్థాయి శబ్దాలు, ముఖ్యంగా డ్రమ్స్‌లోని తాళాల (సింబల్స్) మీద బ్రష్షులు, తేటగా వస్తాయి. కాకపోతే పన్నెండు, పదిహేను నిమిషాలకోసారి లేచి డిస్కు తిప్పాలి.

నా సీడీలో ఒకే పాట రెండుసార్లు పక్కపక్కనే ఉంది. ఎందుకలా?

పాత సీడీ ఎడిషన్లలో మిగిలిన జాగా నింపడానికి అదనపు టేకులు చేర్చారు. వాటిని చివర్లో పెట్టకుండా, అసలు పాట వెనకే పెట్టారు. పోల్చి చదువుకునేవారికి సుఖం, వినేవారికి శిక్ష. మందు తేలిక: ప్లేయర్‌లో ప్రోగ్రామ్ నొక్కి ఎల్‌పీ వరుస మాత్రమే పెట్టుకోండి. ‘సండే’కి ఆ వరుస: గ్లోరియాస్ స్టెప్ టేక్ 2, మై మ్యాన్స్ గాన్ నౌ, సోలార్, ఆలిస్ టేక్ 2, ఆల్ ఆఫ్ యూ టేక్ 2, జేడ్ విజన్స్ టేక్ 2. కంప్యూటర్లోకి ఎక్కించుకున్నవారు మిగతావాటిని వేరే ఫోల్డర్లోకి తోసేయండి.

గ్లాసుల గలగల, జనం మాటలు తీసేయొచ్చు కదా?

సాఫ్ట్‌వేర్ ఉంది, తీయొచ్చు. తీయకూడదు. గ్లాసు గణగణ, తాళం మీద బ్రష్షు రాపిడి ఒకే పైస్థాయి పౌనఃపున్యాల్లో ఉంటాయి. ఒకదాన్ని గీకితే రెండోదీ లేస్తుంది. మోషియన్ బ్రష్షులు తడిగుడ్డతో తుడిచినట్టు అయిపోతాయి.

టేపు బుసను ఎక్కువగా తీసేసిన రీఇష్యూని పట్టుకోవడానికి ఒక పద్ధతి. పాట అయిపోయి ఆఖరి పియానో స్వరం సన్నగిల్లే చోట హెడ్‌ఫోన్‌లో వినండి. ఆ స్వరంతో పాటు గది గాలి కూడా మెల్లగా సన్నగిల్లాలి. స్వరం ఇంకా ఉండగానే వెనక అంతా నూతిలో పడ్డట్టు నిశ్శబ్దమైతే, లేదా నీటి అడుగున గులకరాళ్ళ చప్పుడులాంటిది వినిపిస్తే, యంత్రం చేయి పడిందన్నమాట.

పాట మొదలవకముందే అదే పాట లీలగా వినబడుతోంది. దయ్యమా?

దయ్యం కాదు, అయస్కాంతం. చుట్టి పెట్టిన టేపులో ఒక పొర మీది శబ్దం పక్క పొర మీద కొద్దిగా అచ్చవుతుంది. దాన్ని తగ్గించడానికే టేపును వెనక్కి చుట్టకుండా, చివర బయటికి ఉండేలా దాస్తారు. అప్పుడు గట్టి అచ్చు పాట తర్వాత పడి, అసలు శబ్దం కింద దాక్కుంటుంది.

ఎల్‌పీలోనూ ఇలాంటిదే జరుగుతుంది. చెక్కేటప్పుడు ఒక గాడి పక్క గాడిని కొద్దిగా నెడుతుంది. రెండింటినీ వేరు చేయడం సులువు. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో డిస్కు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. లీల శబ్దానికీ అసలు శబ్దానికీ మధ్య ఎప్పుడూ సరిగ్గా 1.8 సెకన్లుంటే అది గాడి తప్పు, వేరే ప్రెస్సింగు చూసుకోండి. టేపు తప్పయితే ఆ ఎడం రీలు చుట్టుకొలతను బట్టి మారుతుంది. సెకనుకు 15 అంగుళాల వేగంలో, పదిన్నర అంగుళాల రీలు బయటి పొరల దగ్గర రెండు సెకన్లకు పైన, లోపలి పొరల దగ్గర ఒక సెకనుకు అటూ ఇటూ. అదైతే ప్రతి ఎడిషన్లోనూ ఉంటుంది, డబ్బు దండగ చేసుకోకండి.

రీలు లెక్క వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఆ రీలులో పట్టేది 2,500 అడుగుల టేపు. 15 అంగుళాల వేగంలో 33 నిమిషాలకే అయిపోతుంది. లైవ్ రికార్డుల్లో కొన్ని పాటలు హఠాత్తుగా మొదలవడం, ఆఖర్లో మాయంగా తగ్గిపోవడం వెనక తరచు ఉండేది కళ కాదు, రీలు మార్చిన హడావిడి.

రెండు ఎడిషన్లలో శ్రుతి తేడాగా ఉంది. ఏది సరైనది?

మన గాయకుడు తన గొంతును బట్టి శ్రుతి పెట్టుకుంటాడు. పియానో ఉన్న జాజ్‌లో ఆ వెసులుబాటు లేదు, పియానో మధ్యలో ఉండే ఎ స్వరం 440 హెర్ట్జ్ దగ్గర నిలబడాలి. టేపు వేగం 6 శాతం తప్పితే అర స్వరం, 3 శాతం తప్పితే పావు స్వరం మారిపోతుంది. పది నిమిషాల పాటలో 3 శాతమంటే 18 సెకన్లు. కాబట్టి రెండు ఎడిషన్లలో మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా గడియారం పెట్టి కొలవండి. అట్ట మీది నిమిషాలు నమ్మొద్దు, వాటిలో చప్పట్లు కూడా కలిసి ఉంటాయి.

అయితే క్లబ్బు పియానోని గుడ్డిగా నమ్మడానికి లేదు. శాక్సఫోన్ వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీ 1961 జులై 16న న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో చేసిన రికార్డింగులో పియానోకే శ్రుతి లేదు. అలాంటప్పుడు కరెంటు హమ్‌ని, అంటే కరెంటు వల్ల టేపులోకి చేరే సన్నని గుంయ్ శబ్దాన్ని, సాక్షిగా పిలవొచ్చు. అమెరికాలో అది 60 హెర్ట్జ్, యూరప్‌లో 50. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో నిశ్శబ్దంగా ఉన్న ముక్క ఎంచుకుని స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూపే పటం) గీయండి. న్యూయార్క్ రికార్డింగులో 60 దగ్గర సన్నని శిఖరం రావాలి. 62 దగ్గర కనబడితే టేపు వేగంగా తిరిగినట్టు. రెండు శిఖరాలుంటే 60 దగ్గరున్నది కాపీ చేసిన మెషిన్‌ది, రెండోది అసలు టేపుది.

వేగం తప్పు పెద్ద కంపెనీల్లోనూ జరుగుతుంది. స్టూడియో రికార్డు అయినా మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ప్రసిద్ధ ఉదాహరణ. 1959 మార్చి 2న ప్రధాన మెషిన్ కొంచెం నెమ్మదిగా తిరగడంతో మొదటి వైపు మూడు పాటలూ ముప్పై ఏళ్ళకు పైగా హెచ్చు శ్రుతిలో వినబడ్డాయి. పక్కనే తిరిగిన రెండో మెషిన్ టేపుతో 1990ల్లో సరిచేశారు.

మోనోనా, స్టీరియోనా?

ఎవాన్స్ ట్రయో అయితే స్టీరియోనే. బాస్ ఒక వైపు, డ్రమ్స్ ఒక వైపు ఉండటం వల్ల ముగ్గురి సంభాషణ విడివిడిగా తెలుస్తుంది.

1950ల మోనో రికార్డింగులకైతే మోనోనే కొనండి. 1960ల్లో కంపెనీలు పాత మోనో టేపుల్ని తీసుకుని, ఒక చెవికి మంద్రం, ఒక చెవికి తారం ఎక్కువ చేసి, స్టీరియో అనే పేరుతో అమ్మేశాయి. అట్ట మీద సన్న అక్షరాల్లో ‘ఎలక్ట్రానికల్లీ రీరికార్డెడ్ టు సిమ్యులేట్ స్టీరియో’ అనో, అలాంటిదేదో ఉంటే ఎంత చవకైనా కింద పెట్టేయండి.

‘మాస్టర్ టేపు నుంచి’ అని స్టిక్కర్ ఉంటే నమ్మొచ్చా?

ఏ మాస్టర్ అని అడగాలి. క్లబ్బులో తిరిగిన టేపు ఒకటి. దాన్ని కోసి అతికించి ఎల్‌పీ వరుసలో పెట్టింది ఇంకొకటి. విదేశాలకు పంపిన కాపీ మూడోది. దేన్నుంచి చేశారో, ఎవరు చెక్కారో చెప్పే అట్ట మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ‘24 బిట్’ అనే ముక్క ఒక్కటే ఉంటే దానికి విలువ లేదు, ఎంపీ3ని కూడా 24 బిట్‌లో దాచొచ్చు. ఫైలు స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణాన ఏ పౌనఃపున్యాలున్నాయో చూపే పటం) చూడండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే మూలం ఎంపీ3 అని గట్టిగా అనుమానించవచ్చు.

‘టేపును ఓవెన్‌లో వేడి చేశారట’ అనే మాట కూడా వినే ఉంటారు. అది 1970లు, 80ల పాలియెస్టర్ టేపులకు. వాటి జిగురు తేమ పీల్చి బంకగా మారి హెడ్‌కి అంటుకుంటుంది. 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది గంటలో, అంతకన్నా ఎక్కువో ఆరబెడితే ఒకసారి కాపీ చేసుకునేంత కాలం నిలుస్తుంది. అంతకుముందు తరం అసిటేట్ టేపుల్ని ఇలా కాల్చకూడదు, వంకర పోతాయి. అవి పాడయ్యే తీరే వేరు: పెట్టె తెరవగానే వెనిగర్ వాసన. రీలును దీపానికి అడ్డంగా పట్టుకుంటే అసిటేట్ చుట్టలోంచి వెలుగు కనబడుతుంది, పాలియెస్టర్ చుట్టలోంచి కనబడదు.

యూరప్ నుంచి వచ్చే చవక ఎడిషన్లు దొంగవా?

అక్కడి చట్టం ప్రకారం చాలావరకు కావు. యూరప్‌లో రికార్డింగు హక్కు ఒకప్పుడు 50 ఏళ్ళే. తర్వాత 70కి పెంచారు గానీ, అప్పటికే గడువు తీరినవాటికి తిరిగి హక్కు ఇవ్వలేదు. 1961లో, 62లో విడుదలైనవి ఆ ఖాతాలోకే పోయాయి. అమెరికాలో మాత్రం 2018 చట్టంతో ఇవి 2067 దాకా భద్రం. మన దేశంలో రికార్డింగు హక్కు విడుదలైన ఏడాది తర్వాతి నుంచి 60 ఏళ్ళు లెక్క.

చిక్కు చట్టంలో కాదు, మూలంలో. అసలు టేపు హక్కుదారు దగ్గరే ఉంటుంది. ఈ చవక డిస్కులు చాలావరకు పాత సీడీనుంచో, ఎల్‌పీనుంచో తీసినవి. అదే సీడీ సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా చవకగా దొరుకుతుంటే దీనికి డబ్బెందుకు?

చప్పట్లు వినబడితే క్లబ్బే అనుకోవచ్చా?

శాక్సఫోన్ వాద్యకారుడు కెనన్‌బాల్ ఆడర్లీ ‘మెర్సీ, మెర్సీ, మెర్సీ’ అట్ట మీద ‘లైవ్ ఎట్ ద క్లబ్’ అని ఉంటుంది. 1966లో అది రికార్డయింది లాస్ ఏంజెలస్‌లోని కాపిటల్ స్టూడియోలో. జనాన్ని పిలిచి, తాగడానికి పోసి, క్లబ్బు వాతావరణం తెచ్చారు. కేకలు నిజమే, క్లబ్బు అబద్ధం. వినడానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు మొనలో డీన్ బెనెడెట్టి ఉన్నాడు. 1947, 48లో శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ వెంట క్లబ్బులు తిరుగుతూ, మొదట డిస్కుల మీద, తర్వాత కాగితపు టేపు మీద రికార్డు చేశాడు. ఎక్కువగా పార్కర్ వాయించినంతసేపే. మిగతావాళ్ళ వంతు రాగానే మెషిన్ ఆపేసేవాడు. 1990లో మొజాయిక్ అనే కంపెనీ వాటిని ఏడు సీడీలుగా తెచ్చింది. పూర్తి పాట వినాలనుకునేవారు కొనకండి, పార్కర్ పిచ్చి ఉన్నవారు వదలకండి.

కోల్ట్రేన్ ‘ఇండియా’లో తంబూరా ఉందా?

1961 నవంబర్ 1, 2, 3, 5 తేదీల్లో ఇదే వ్యాన్‌గార్డ్‌లో శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ వాయించినదాన్ని ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ రికార్డు చేశాడు. ‘ఇండియా’ కొన్ని టేకుల్లో అహ్మద్ అబ్దుల్ మాలిక్ పేరు ఉంటుంది, తంబూరా అని కొన్నిచోట్ల, ఊద్ (అరబ్బు తీగల వాద్యం) అని కొన్నిచోట్ల. తంబూరా ఎలా మోగుతుందో మన చెవులకు చెప్పక్కర్లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండు బాస్‌ల వెనక వెతకండి.

అప్పట్లో వచ్చిన ఎల్‌పీలో ఉన్నవి మూడే పాటలు. ‘చేసిన్ ద ట్రేన్’ ఒక్కటే పదహారు నిమిషాలతో ఒక వైపంతా ఆక్రమించింది. ‘ఇండియా’ 1963 ఎల్‌పీ ‘ఇంప్రెషన్స్’లో వచ్చింది. నాలుగు రాత్రులూ కలిపి 1997లో నాలుగు సీడీల పెట్టెగా వచ్చాయి, మొత్తం 22 టేకులు. ఎవాన్స్ విషయంలో ‘ముందు ఎల్‌పీ’ అన్నాం గానీ ఇక్కడ నేరుగా పెట్టె కొన్నా తప్పులేదు.

విశాఖలో, కాకినాడలో ఎల్‌పీలకు బూజు పడుతోంది. ఎలా కడగాలి?

లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వాసన లేని గిన్నెలు తోమే ద్రవం మూడు చుక్కలు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. లేబుల్ తడవనివ్వొద్దు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. ఈ రెండో దశ వదిలేస్తే సబ్బు గాడిలో ఎండి చిటపటలు మొదటికన్నా ఎక్కువవుతాయి. కుళాయి నీళ్ళు వాడితే సున్నం మిగులుతుంది. 78 వేగం లక్క రికార్డులకు ఈ ద్రావణం తాకించకండి, ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది.

లోపలి కాగితపు కవరుకు బూజు పట్టి ఉంటే పారేసి కొత్తది వేయండి. కడిగిన డిస్కును పాత కవర్లో పెడితే వచ్చే వానాకాలానికి మళ్ళీ ఇదే పని.

క్లబ్బు ఇప్పటికీ ఉందా?

ఉంది, అదే నేలమాళిగ. సోమవారం రాత్రులు పెద్ద బ్యాండ్ వాయించే ఆనవాయితీ 1966 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. న్యూయార్క్‌లో బంధువులుంటే టికెట్లు ముందే తీసిపెట్టమనండి. ఫోను జేబులోనే ఉంచుకోండి, అక్కడ రికార్డు చేయనివ్వరు.